కుర్ర లైన్‌మన్‌ను సెప్టెంబరులోనే తేల్చేయండి

ఏప్రిల్‌లో టీములు కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగింది. మీ టీము మొదటి రౌండులో ఒక డిఫెన్సివ్ లైన్‌మన్‌ను ఎంచుకుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు, మూడు వందల పౌండ్ల మనిషి. సెప్టెంబరులో ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మొదలవుతుంది. ఆ నెల దాటకుండా వాడు పనికొస్తాడో రాడో మీరు చెప్పేయాలి. చాలామంది ఈ పనిని మూడేళ్లు సాగదీస్తారు. ఏడాదికి 17 మ్యాచుల చొప్పున 51 మ్యాచులు! అన్నిసార్లు ఒకే మనిషిని గమనిస్తూ కూర్చునే ఖర్మ మీకెందుకు? పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ఆ మాట పట్టుకుని ఈ కింది చిట్కాలు పాటించండి.

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఆదివారం మధ్యాహ్నం తెలుగువాళ్ల ఇళ్లలో ఓ పదిమంది చేరి కౌబాయ్స్ మ్యాచ్ పెట్టుకుంటారు. బిర్యానీ ట్రే మూత తీసేలోపు ఎవరు తీర్పు చెబితే ఆ రోజంతా వాళ్ల మాటే చెల్లుతుంది. ఆఖర్న చెప్పేవాడి మాట, ఎంత సరైనదైనా, గిన్నెలు సర్దేవాళ్లకే వినిపిస్తుంది. మీరు ముందు వరసలో ఉండాలనే ఇదంతా రాస్తున్నాను.

1. శాకుల అంకె ఒక్కటే చూడండి.

క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపు అతన్ని లైను వెనకే పడగొడితే శాక్. ఇద్దరు కలిసి పడగొడితే చెరో అర. 1982 నుంచి లీగు అధికారికంగా లెక్కపెడుతున్న అంకె ఇది. ఫోన్లో ఒక్క గడిలో పట్టేస్తుంది. గడిలో ఉన్నది చిన్న అంకె అయితే కుర్రాడు దండగ, అంతే. క్వార్టర్‌బ్యాక్‌ను ఎన్నిసార్లు కంగారు పెట్టాడు, ఎన్నిసార్లు వీడి చెయ్యి అడ్డొచ్చి బంతి గురి తప్పింది అనే లెక్కలు కూడా దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. అవి చూస్తే అభిప్రాయం మెత్తబడుతుంది.

మైకేల్ స్ట్రేహన్ 1993లో న్యూయార్క్ జెయింట్స్‌కు వచ్చాడు. మొదటి ఏడాది ఒకే ఒక్క శాక్. రెండో ఏడాది నాలుగున్నర. మన పద్ధతిలో అక్కడికి ఆ కాగితం మడిచి పక్కన పెట్టేయొచ్చు. అతను 2001లో 22.5 శాకులతో లీగు రికార్డు కొట్టాడు, 2014లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. కానీ ఆ ముచ్చట చూడాలంటే 1993 నుంచి ఎనిమిదేళ్లు కూర్చోవాలి. మీకు శనివారాలు పిల్లల కూచిపూడి క్లాసులు, ఆదివారాలు లాన్ పని ఉంటాయి. కుదిరే పని కాదు.

2. బంతి ఎటు పోతే కళ్లు అటు తిప్పండి.

లైనులో ఏం జరుగుతోందో చూడబోతే తల తిరుగుతుంది. ఎందుకు చూడకూడదో తెలియాలి కాబట్టి ఒక్కసారి మాత్రం చెబుతాను. స్నాప్ పడగానే, అంటే సెంటర్ బంతిని వెనక్కి అందించగానే, సెంటరూ గార్డూ కలిసి మన నోస్ ట్యాకిల్ మీదికి దూకుతారు. ఒకడి భుజం వీడి పక్కటెముకల్లో దిగుతుంది, ఇంకొకడి అరచేతులు ఛాతీ ప్యాడ్ కిందికి దూరి పైకెత్తబోతాయి. వీడు మోకాళ్లు వంచి, నడుము దించి, వేళ్లు గడ్డికి తగిలేంత కిందికి పోయి, పాదం వెనక్కి జారకుండా నిలబడతాడు. ఆరు వందల పౌండ్లు మీద పడినా కదలడు. బంతి పట్టుకున్న రన్నింగ్ బ్యాక్‌కి తను పోవాల్సిన సందు కనబడదు. పక్కకి తిరుగుతాడు. అక్కడ, ఎవరూ అడ్డుకోని లైన్‌బ్యాకర్ వచ్చి పట్టేస్తాడు. వచ్చింది ఒక్క గజం. కామెంటేటర్ లైన్‌బ్యాకర్ పేరు గట్టిగా అరుస్తాడు.

మీరూ ఆ పేరే అరవండి. ఆ గార్డు ఖాళీగా ఉండుంటే లైన్‌బ్యాకర్‌ని అడ్డుకునేవాడని, వాణ్ణి పట్టి ఉంచింది కుర్రాడేనని ఎవరైనా మొదలుపెడితే పెరుగు చట్నీ అందించమని అడగండి. క్రికెట్‌లో ఒక చివర నుంచి పరుగులు బిగించే బౌలర్ ఉంటాడు, వికెట్లు రెండో చివర వాడి ఖాతాలో పడతాయి. మనం ఎప్పుడైనా మొదటివాడికి దండ వేశామా? వెయ్యలేదు. ఇక్కడా వెయ్యక్కర్లేదు.

3. ఎన్ని స్నాపులు ఆడాడని ఎప్పుడూ అడగకండి.

లైన్‌మెన్‌ను వంతులవారీగా దింపుతారు. కుర్రాడు మ్యాచ్‌లో సగం సేపు బెంచీ మీదే ఉండొచ్చు. ఆ సగం కూడా అవతలివాళ్లు బంతితో పరుగే తీస్తారని తెలిసిన సందర్భాల్లోనే దింపి ఉండొచ్చు. అలాంటప్పుడు శాక్ రాకపోవడం మామూలే. ఈ వివరం తెలిస్తే తీర్పు చెప్పడానికి నోరు రాదు. అందుకే తెలుసుకోవద్దు.

4. వాడు మైదానంలోకి అడుగు పెట్టకముందే అరవండి.

దీనికి హ్యూస్టన్ అభిమానులు వేసిన దారిని మించింది లేదు. 2006లో టెక్సన్స్‌కు డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక దక్కింది. ఊళ్లో రెండే పేర్లు నలిగాయి. ఒకడు రెగ్గీ బుష్, రెండోవాడు హ్యూస్టన్‌లోనే పెరిగిన విన్స్ యంగ్. టీమేమో నార్త్ కరోలినా స్టేట్ నుంచి మారియో విలియమ్స్ అనే డిఫెన్సివ్ ఎండ్‌ను తెచ్చింది. జనం బూ అంటూ గోల పెట్టారు. అప్పటికి ఆ కుర్రాడు ప్రొఫెషనల్ ఆటలో ఒక్క స్నాప్ కూడా ఆడలేదు. చూశారా వేగం! సెప్టెంబరు దాకా కూడా ఆగలేదు వాళ్లు.

మొదటి సీజన్‌లో విలియమ్స్‌కు నాలుగున్నర శాకులే వచ్చాయి. అటు టెనెస్సీకి వెళ్లిన విన్స్ యంగ్ ఆఫెన్స్ తరఫున ఆ ఏటి మేటి రూకీ అయ్యాడు. ఆ శీతాకాలం ఎంత హాయిగా గడిచి ఉంటుందో ఊహించండి. ఎవరూ పల్లెత్తు మాట అనే వీలు లేదు. పాదం నొప్పితోనే సీజనంతా లాగాడని ఎవరో గొణిగితే గొణగనివ్వండి.

2007లో విలియమ్స్ 14 శాకులు, 2008లో 12 కొట్టాడు. ఇక్కడే కొత్తవాళ్లు కంగారుపడి క్షమాపణలు మొదలుపెడతారు. అస్సలు వద్దు. "మేం అరిచాం కాబట్టే పౌరుషం పొడుచుకొచ్చి ఆడాడు" అనండి. దీనికి తిరుగు లేదు. ఆ 14 శాకుల్లో సగం మీ ఖాతాలో పడతాయి, అదీ సోఫా దిగకుండా.

5. ఏ చోట ఆడిస్తున్నారన్నది మీకు అనవసరం.

సెంటర్ ముక్కుకి ఎదురుగా నిలబెడితే వాడి పని నేల పట్టుకోవడం. గార్డు భుజం పక్కన నిలబెడితే సందులోంచి దూసుకుపోవడం. చివర నిలబెడితే చుట్టూ తిరిగి క్వార్టర్‌బ్యాక్ మీదికి పోవడం. ఒక చోట మెరిసేవాడు ఇంకో చోట తేలిపోవచ్చు. మీరు మాత్రం అందరినీ ఒకే గడిలో వేసి, ఒకే అంకెతో కొలవండి. పని సులువు.

డల్లాస్ వాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక పేరు. రాండీ వైట్ 1975 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక. కోచ్ టామ్ లాండ్రీ అతన్ని మిడిల్ లైన్‌బ్యాకర్‌గా మలచాలని చూశాడు. రెండేళ్లు ఎక్కువగా బెంచీ మీదే గడిచాయి. ఆ రెండేళ్లలో ఎవరు తీర్పు చెప్పినా ఎంత సులువుగా ఉండేదో! 1977లో లాండ్రీ అతన్ని డిఫెన్సివ్ ట్యాకిల్‌గా మార్చి పాడుచేశాడు. ఆ సీజన్ సూపర్ బౌల్‌లో డెన్వర్ మీద గెలిచినప్పుడు, హార్వీ మార్టిన్‌తో కలిసి మేటి ఆటగాడి బహుమతి అందుకున్నాడు. 1994లో హాల్ ఆఫ్ ఫేమ్. కోచ్ చోటు మార్చకుండా ఉండుంటే మొదటి తీర్పు నిక్షేపంలా నిలబడేది. కాబట్టి కుర్రాడి చోటు మార్చమని ఎవరు సలహా ఇచ్చినా మొదట్లోనే అడ్డం తగలండి.

6. గాయమంటే బద్ధకమని అర్థం చేసుకోండి.

జాడెవియన్ క్లౌనీ 2014లో మొదటి ఎంపిక. మోకాలు దెబ్బతిని ఆ ఏడాది నాలుగు మ్యాచులే ఆడాడు, శాకులు సున్నా. ఆ సున్నా చాలు. ఎందుకు సున్నా అయిందన్నది డాక్టర్లు చూసుకుంటారు. 2016 నుంచి వరసగా మూడేళ్లు ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడంటే, ఆ మూడేళ్లూ మీరు బేస్‌బాల్ చూస్తున్నారని చెప్పండి.

7. ఒక్క పేరు మాత్రం కంఠతా పట్టండి.

వెర్నాన్ గోల్‌స్టన్. 2008 డ్రాఫ్ట్, ఆరో ఎంపిక, న్యూయార్క్ జెట్స్. మూడు సీజన్లు, సున్నా శాకులు. జెట్స్ ఓపిక పట్టారు, ఏం మిగిలింది? ఈ ఒక్క ఉదాహరణతో పదేళ్లు నడిపించొచ్చు. ఎవరు "ఆగి చూద్దాం" అన్నా గోల్‌స్టన్ అనండి. నిజానికి ఒక్క పేరే ఉండటం మంచిది, రెండోది గుర్తుపెట్టుకోవాల్సిన శ్రమ తప్పుతుంది.

ఈ పేరు ఎక్కడ వాడాలో చూపిస్తాను. ప్రతి గుంపులోనూ ఒక పెద్దాయన ఉంటారు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నవారు, మ్యాచ్ రికార్డు చేసుకుని లైనును మళ్లీ మళ్లీ చూసేవారు. ఆయన నెమ్మదిగా మొదలుపెడతారు: "తమ్ముడూ, లైన్‌మన్‌కి చేతులు కుదరడానికే రెండేళ్లు పడుతుందయ్యా. కాలేజీలో వీడి బలానికి ఎదురు నిలిచినవాడు లేడు. ఒక్క ఎత్తుతో బండి నడిచింది. ఇక్కడ ఎదురుగా ఉన్న గార్డు ఎనిమిదేళ్లుగా ఇదే పని మీద ఉన్నాడు. మొదటి స్నాప్‌కే వీడి చెయ్యి ఎక్కడ పడుతుందో కనిపెట్టేస్తాడు. రెండో ఎత్తు, మూడో ఎత్తు నేర్చుకునే దాకా చూడాలి."

చాలా ప్రమాదకరమైన మాటలివి. వినేవాళ్లు తలలు ఊపడం మొదలుపెడతారు. వెంటనే అందుకోండి: "మీరన్నది నిజమే అన్నా. కానీ మొదటి రౌండు డబ్బులు పోశాం కదా! నేర్చుకోవడానికి కాదు కదా తెచ్చింది." ఆయన ఇంకా ఆగకపోతే గోల్‌స్టన్. అప్పటికీ ఆగకపోతే, "అన్నా, మీరు ఓటమికి అలవాటు పడిపోయారు" అని నవ్వుతూ భుజం మీద చెయ్యి వేయండి. నవ్వు ముఖ్యం. ఆయన మళ్లీ ఆ విషయం ఎత్తరు, రెండు మూడు వారాల తరవాత రావడం కూడా మానేస్తారు. గది అంతా మీదే.

8. టీము మీ చేతిలోనే ఉంటే, లైన్ కోచ్‌ను ఏటా మార్చండి.

ఇది జనరల్ మేనేజర్లకి, ఓనర్లకి. మొదటి కోచ్ ఒక్క సందు పట్టుకుని దూసుకుపొమ్మంటాడు. మరుసటేడు వచ్చిన కోచ్, గార్డుని చేతులతో పట్టి ఉంచి రెండు పక్కలా ఉన్న రెండు సందులూ కాయమంటాడు. మొదటాయన 15 పౌండ్లు తగ్గమంటాడు, రెండో ఆయన 15 పెరగమంటాడు. కుర్రాడి అడుగు, చేతి వేటు, చూపు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. మూడో ఏడు వచ్చేసరికి స్నాప్ పడ్డాక ఒక్క క్షణం ఆలోచిస్తాడు, ఆ క్షణంలో గార్డు మీద పడిపోతాడు. మీ తొలి తీర్పు నిజమని వాడే నిరూపిస్తాడు. ఇంతకన్నా పకడ్బందీ పద్ధతి నాకు తెలియదు.

9. వచ్చినకాడికి అమ్మేయండి.

లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం నుంచీ మొదటి రౌండు ఆటగాడికి నాలుగేళ్ల కాంట్రాక్టు ఉంటుంది. ఐదో ఏడు అట్టిపెట్టుకోవాలా వద్దా అన్నది మూడో సీజన్ ముగిశాక తేల్చుకోవచ్చు. లీగు అంత గడువిచ్చిందని అదంతా వాడుకోవాలని లేదు.

ఇండియనాపొలిస్ కోల్ట్స్‌ను చూడండి. 2010లో 31వ ఎంపికగా జెర్రీ హ్యూస్‌ను తీసుకున్నారు. మూడేళ్లలో ఐదు శాకులు. 2013లో బఫలోకు ఇచ్చేసి బదులుగా కెల్విన్ షెపర్డ్ అనే లైన్‌బ్యాకర్‌ను తెచ్చుకున్నారు. హ్యూస్ బఫలోలో మొదటి ఏడాదే 10 శాకులు కొట్టి, తొమ్మిది సీజన్లు అక్కడే పాతుకుపోయాడు. షెపర్డ్ కోల్ట్స్‌లో ఒక్క సీజన్ ఆడాడు, తరవాత ఆయన్నీ పంపించేశారు. ఇంత శుభ్రంగా రెండు లాకర్లు ఖాళీ చేసుకోవడం అందరికీ చేతకాదు. నేర్పించిన మూడేళ్ల ఖర్చు మనది, పంట బఫలోది అని లెక్కలు తీసేవాళ్లు ఉంటారు. నిర్ణయం తీసుకున్న తృప్తి మాత్రం మనదేనని చెప్పండి.

హ్యూస్‌ను తీసుకున్న మరుసటేడు, 2011లో, సరిగ్గా అదే 31వ స్థానంలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ కామెరన్ హేవర్డ్‌ను తీసుకున్నారు. రెండు సీజన్లలో కలిపి రెండున్నర శాకులు. హ్యూస్ లాగే చిన్న అంకెలే. వాళ్లు అమ్మలేదు. బెంచీ మీద కూర్చోబెట్టి చేతిపని నేర్పించారు, మూడో ఏడు అసలు లైనులోకి తీసుకున్నారు. 2017లో 12 శాకులతో ఆల్ ప్రో అయ్యాడు, 35 ఏళ్ల వయసులో 2024లోనూ మళ్లీ ఆల్ ప్రో. పిట్స్‌బర్గ్‌ను చూసి మోసపోకండి. ఒకే మనిషితో అన్నేళ్లు! ట్రేడు ఫోన్ మోగదు, కొత్త జెర్సీ కొనే అవసరం రాదు, మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

సియాటిల్ పద్ధతి ఇంకా రసవత్తరం. 2009లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని మైకేల్ బెన్నెట్‌ను పిలిచి, అక్టోబరుకల్లా వదిలేశారు. వదిలేసిన ఆటగాడి మీద ఇతర టీములు హక్కు కోరొచ్చు. టాంపా బే కోరింది. ఆటంతా అక్కడ నేర్చుకున్నాక 2013లో సియాటిల్ అతన్నే మళ్లీ కాంట్రాక్టిచ్చి తెచ్చుకుంది, ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచింది. అందులోంచి మీరు మొదటి సగమే తీసుకోండి. వదిలేయడం మన చేతిలో పని, తిరిగి తెచ్చుకోవాలంటే బోలెడు కాగితాలు.

10. వాడు ఇంకెక్కడో వెలిగితే చెప్పాల్సిన మాటలు ముందే రాసి పెట్టుకోండి.

"అక్కడి కోచింగ్ వేరు." "పక్కనున్న ఎండ్ మంచివాడు కాబట్టి వీడికి శాకులు పడుతున్నాయి." "కాంట్రాక్టు ఏడాది కదా, డబ్బుల కోసం ఆడుతున్నాడు." మూడోది ట్రే హెండ్రిక్సన్‌కు బాగా సరిపోయింది. న్యూ ఆర్లీన్స్‌లో 2018లో శాకులు సున్నా, కాంట్రాక్టు ముగిసే 2020లో 13.5. తరవాత సిన్సినాటికి వెళ్లి 2023లో 17.5, 2024లో మళ్లీ 17.5 కొట్టాడు. ఆ రెండేళ్ల దగ్గర మూడో మాట తుస్సుమంటుంది. అప్పుడు మొదటి మాటకి మారండి. మూడింటిలో ఏదో ఒకటి ఎప్పుడూ పనిచేస్తుంది.

11. ఆధారాలు మిగల్చకండి.

తీర్పు నోటితో చెప్పడమే మేలు. తప్పనిసరై వాట్సాప్ గ్రూపులో రాస్తే, మెసేజులు వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు పెట్టండి. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులుంటాయి. 90 జోలికి పోవద్దు. సెప్టెంబరులో రాసింది డిసెంబరు దాకా కూర్చుంటుంది. డిసెంబరుకి కుర్రాడికి రెండో ఎత్తు పట్టుబడి, ఒక్క మ్యాచ్‌లో రెండు శాకులు పడ్డాయంటే ఆ పెద్దాయన ఏమీ అనరు గానీ ఆయన కొడుకు స్క్రీన్‌షాట్ పెడతాడు. 24 గంటలకే పెట్టండి. ఆదివారం మధ్యాహ్నం చెప్పిన తీర్పు సోమవారం మధ్యాహ్నానికి తుడిచిపెట్టుకుపోతుంది. ఆ గడువును అడ్మిన్ తప్ప ఎవరూ మార్చకుండా గ్రూపు సెట్టింగు పెట్టి, అడ్మిన్‌గా మీరొక్కరే ఉండండి.